వెన్నెలపాడులో నిలవని పళ్ళు

మొదటి పగలు

నా గదికి ఇవాళ బోర్డు తగిలించారు. ‘పళ్ళ వరుస డాక్టరు, వకుళ’ అని. మొన్నటిదాకా ఈ గదిలో పుట్టగొడుగులు ఆరబెట్టేవారట. ఆ వాసన ఇంకా పోలేదు. రోగులు కూర్చునే కుర్చీ భూమి నుంచి వచ్చిన పాత ఓడలోంచి ఊడదీసి తెచ్చింది. నడుము బెల్టు కూడా అలాగే ఉంది. పిల్లలకి అదే బాగా నచ్చింది. నోరు తెరవమంటే ముందు బెల్టు పెట్టుకుంటామంటున్నారు.

అన్నిటికన్నా ముందు ఈ ఊరి కాలానికి అలవాటుపడాలి. చంద్రుడి మీద పొద్దు పొడిస్తే భూమ్మీద రెండు వారాలు గడిచేదాకా కుంకదు. ఆ తర్వాత రెండు వారాలు చీకటి. అంచేత వెన్నెలపాడులో నెలలు లేవు, పగళ్ళే. నిద్రా మెలకువా మాత్రం గడియారాన్ని బట్టే. “మా పెళ్ళయి నూట పది పగళ్ళండి” అంటారు. నేను అమలాపురంలో ఓడెక్కేటప్పుడు కొన్న క్యాలెండరు గోడకి అలంకారంగా మిగిలింది.

మొట్టమొదట వచ్చింది వంటశాల చంద్రకాంతమ్మగారు. ఊరందరికీ వండి పెట్టేది ఆవిడే. భర్త పోయి చాన్నాళ్ళయింది. మనవణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

“వీడు గవర్రాజండి డాక్టరుగారూ. మా మావగారి పేరే పెట్టుకున్నాం, తాతా అనే పిల్తాం. నోరు తెరుచుకునే పడుకుంటాడండి. గురక సూడాలి, నీళ్ళ పంపు ఆడినట్టే ఉంటాది.”

“నాది కాదండి, మామ్మదేనండి గురక,” అన్నాడు గవర్రాజు. ఎనిమిదేళ్ళవాడు. ‘స’ పలకమంటే గాలి పక్కల్నుంచి జారిపోతోంది.

పై దవడ ఇరుకుగా ఉంది. అంగిలి గుడిసె కప్పులా నిటారుగా లేచింది. నాలుక పెట్టుకోవడానికే చోటు లేదు, ఇక రాబోయే పళ్ళకెక్కడిది? కానీ ఈ వయసులో అంగిలి రెండు చెక్కలుగానే ఉంటుంది. మధ్యలో చిన్న మర బిగించి, రోజుకింత తాళం తిప్పితే మెల్లగా విచ్చుకుంటుంది. పెద్దయ్యాక ఆ రెండు చెక్కలూ అతుక్కుపోతాయి. అప్పుడిది సులువు కాదు.

“తాళం తిప్పడమేనా? ఇన్నేళ్ళుగా సామాన్ల కొట్టు తాళం తిప్పుతున్నదాన్ని, ఇదో లెక్కా!” అన్నారావిడ.

తర్వాత విస్సన్నగారు తన కూతురు ఉదయినితో వచ్చారు. విస్సన్నగారంటే ఊరి గాలి మేస్త్రీ. గాలి తిప్పే ఫ్యాన్లు, వడపోసే జల్లెడలు, గొట్టాలు అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. అందుకని ఆయన దగ్గర ఊళ్ళో అందరూ కాస్త అణిగే మాట్లాడతారు. ఉదయినికి పదిహేనేళ్ళు. బడి అయ్యాక తోటలో పనిచేస్తుంది. తల్లి లేదు. కుర్చీలో కూర్చుంది గానీ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

“కోరపన్నండి, పైకెక్కి కూర్చుంది. పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో...” అని ఆయన మొదలుపెట్టారు.

“నాన్నా, నోరు నాది. నేను చెప్పుకుంటాను,” అంది ఉదయిని.

చెప్పింది. చెయ్యి అడ్డం పెట్టుకునే. ఫొటోల్లో వెనక వరసలో నిలబడుతుందట. జోకు విన్నాక ముందు తల తిప్పుకుని, ఆ తర్వాత నవ్వుతుందట. క్లిప్పులు, తీగ వెయ్యాలని చెప్పాను. ఎన్నాళ్ళంటే, భూమ్మీదైతే రెండేళ్ళు పడుతుందన్నాను.

విస్సన్నగారు “రెండేళ్ళే!” అని నోరు తెరిచారు. ఆ తెరిచిన నోట్లోకి చూశాను. కింది పళ్ళు సంతలో జనంలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చిగుళ్ళు వాచి ఉన్నాయి.

“మీకూ వెయ్యాలండి,” అన్నాను.

“నాకా? యాభై రెండేళ్ళోడికి క్లిప్పులా? ఊరు నవ్వుద్దండి.”

“పెద్దవాళ్ళకి అద్దంలాంటి తొడుగులుంటాయండి. బయటికి కనబడవు. తినేటప్పుడు తీసి, తిన్నాక పెట్టుకోవాలి. కొన్నాళ్ళకో జత మారుస్తూ పోతే పళ్ళు సర్దుకుంటాయి.”

“కనబడనప్పుడు ఎట్టుకున్నానని ఎవరికి తెలుస్తాది?”

ఉదయిని చేతి వెనక నవ్వింది. కూతురు నవ్విందని ఆయన ఒప్పేసుకున్నారు.

మూడో పగలు

ఇంత ఆనందంగా ఎప్పుడూ పని చెయ్యలేదు. ఇక్కడ పళ్ళు పరిగెడుతున్నాయి!

భూమ్మీద ఆరు నెలలు పట్టే కదలిక ఇక్కడ నెల తిరక్కుండానే కనిపిస్తోంది. ఉదయిని కోరపన్ను సగం దూరం దిగింది. గవర్రాజు అంగిలి విచ్చుకుని ముందు పళ్ళ మధ్య ఇంత సందు వచ్చింది. అలా రావడం మంచి గుర్తే, తర్వాత దానంతటదే మూసుకుంటుంది. ఈలోగా వాడు ఆ సందులోంచి నీళ్ళు చిమ్మడం నేర్చుకున్నాడు. ఇక్కడి తేలిక బరువులో ఆ ధార వంటశాల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోతుంది. చంద్రకాంతమ్మగారు గరిటె పుచ్చుకుని తరుముతుంటే వాడు రెండు గెంతుల్లో గడప దాటేస్తాడు. గురక మాత్రం తగ్గిందట. “ఇల్లు బోసిగా ఉందండి,” అన్నారావిడ.

విస్సన్నగారి తొడుగు నిన్న పోయింది. ఊరంతా వెతికితే చివరికి టీ గ్లాసు అడుగున దొరికింది. చంద్రకాంతమ్మగారే గ్లాసులు కడుగుతూ చూసి గుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చారు.

“మేస్త్రీగారూ, ఈసారి పులుసులో పారేసుకోండి. ఉప్పూ కారం అయినా తగుల్తాయి.”

ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడింది. కోపంతో అనుకున్నాను.

తిండి విషయం కూడా రాయాలి. ఇక్కడన్నీ మెత్తటివే. పప్పన్నం, జావ, పులుసు, ముద్దలు, ఉడకబెట్టిన దుంప. రుచికి వంక లేదు, చంద్రకాంతమ్మగారి చేతి మహిమ. కానీ కరకరలాడేదేదీ ఊళ్ళోకి రానివ్వరు. నేను ఇంటినుంచి తెచ్చుకున్న చేగోడీల పొట్లాన్ని ఓడ దిగగానే విస్సన్నగారు పట్టుకుపోయారు. ఇక్కడ పొడి రాలితే నేలకి దిగేలోపే గాలి లాక్కుపోయి ఫ్యాన్లలో చేరుస్తుందట. ఊరు కట్టిన కొత్తలో ఓ పెళ్ళిలో జంతికలు పంచితే రెండు ఫ్యాన్లు ఆగిపోయి, పెళ్ళికొడుకుతో సహా అందరూ ఊరి బయట తిరిగే గాలి సూట్లు వేసుకుని ముసుగుల్లోంచే తలంబ్రాలు పోసుకున్నారట. అప్పట్నుంచీ నిషేధం.

ఆరో పగలు

ఉదయిని క్లిప్పులు తీసేశాను. రెండేళ్ళనుకున్నది ఆరు పగళ్ళలో అయిపోయింది.

అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది. నాలుకతో పళ్ళన్నీ తడిమి చూసుకుంది. తర్వాత అద్దం పక్కన పెట్టి నా ముఖంలోకి చూసి నవ్వింది. చెయ్యి కుర్చీ మీదే ఉండిపోయింది. విస్సన్నగారు గుమ్మం దగ్గర నిలబడి, ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా లేదా అన్నట్టు పైకి చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు.

భూమ్మీది మా ప్రొఫెసరుగారికి గర్వంగా కబురు పంపాను.

ఏడో పగలు

గర్వం దిగింది. పళ్ళు వెనక్కి పోతున్నాయి.

సర్దిన పళ్ళు కదలకుండా పట్టి ఉంచే రిటైనర్‌ని ఉదయిని రాత్రీ పగలూ పెట్టుకుంటూనే ఉంది. పెట్టుకోలేదని అనుమానించడానికి వీల్లేదు, అంత శ్రద్ధగల పిల్ల. అయినా కోరపన్ను మళ్ళీ పైకెక్కుతోంది. ఇవాళ రిటైనర్ అసలు పట్టలేదు. గవర్రాజు అంగిలి కూడా మర వదులు చేస్తే చాలు ముడుచుకుంటోంది. విస్సన్నగారు ఒక్కపూట తొడుగు మరిచిపోతే మర్నాటికి అది ఎక్కడం లేదు. తొందరగా కదిలిన పళ్ళు తొందరగానే తిరిగొస్తాయని నాకు ముందే తట్టాల్సింది.

ఉదయిని ఒక్కతే వచ్చింది. “ఇంక వద్దులెండి డాక్టరుగారూ. కొన్నాళ్ళు బాగుంది కదా, అది చాలు,” అంది. మాట పూర్తయ్యేసరికి చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళిపోయింది.

అది చూసి నాకు ఏడుపొచ్చింది. “ఇంకొక్కసారి నన్ను నమ్మమ్మా,” అని బతిమాలి క్లిప్పులు మళ్ళీ వేశాను. ఇప్పటికి పన్నుని మళ్ళీ దించి, అక్కడే పట్టి ఉంచడానికే.

సాయంత్రం ఊరి సభలో నా గది మాట వచ్చింది. నిలవని పళ్ళ కోసం ఇంత చోటు ఎందుకు, పుట్టగొడుగులకి మళ్ళీ ఇచ్చేస్తే నయం కదా అన్నారు కొందరు. వాళ్ళ తప్పు లేదు. ఇక్కడ గది అంటే మాటలు కాదు.

ఎనిమిదో పగలు

ఊళ్ళో అందరి ఎక్స్-రేలూ గోడకి వరుసగా అంటించాను. ఇక్కడ పుట్టినవాళ్ళవి ఒక పక్క, భూమ్మీద పెరిగి వచ్చినవాళ్ళవి ఒక పక్క.

ఇన్నాళ్ళూ నేను తేలిక బరువుని తిడుతున్నాను. కానీ చంద్రకాంతమ్మగారు ఇరవయ్యో ఏట ఇక్కడికొచ్చారు. ఆవిడదీ ఇదే బరువు. అయినా ఆవిడ దవడ ఎముక తెల్లగా, దట్టంగా, కొండరాయిలా ఉంది. గవర్రాజుదీ, ఇక్కడే పుట్టిన విస్సన్నగారిదీ మంచు పట్టినట్టు పలచగా ఉన్నాయి. దవడకి భూమి లాగే బరువు కాదు, నమిలే బరువు ముఖ్యం. పుట్టినప్పట్నుంచీ ముద్దలు మింగిన దవడ గట్టిపడేదెలా? మెత్తటి నేలలో పాతిన గుంజలా, ఆ ఎముకలో పన్ను ఎటు లాగితే అటు వస్తుంది. వదిలేస్తే వాలిపోతుంది.

నమలడానికి రబ్బరు గొట్టాలు చేసి పిల్లలకిచ్చాను. మూడోనాటికి గొట్టాలన్నీ తోటలో మొక్కలకి ఊతంగా కట్టి కనిపించాయి. రుచి లేనిదాన్ని ఎవరు నములుతారు?

విస్సన్నగారి దగ్గరికి వెళ్ళాను. గట్టి తిండికి అనుమతి కావాలన్నాను.

“నా ఫ్యాన్లు ఆగిపోతే మీ పళ్ళు ఎవడికండి?” అన్నారాయన.

అది నిజమే.  నేను లేవబోతుంటే ఆయనే మళ్ళీ, “కూర్సోండి. నా కూతురి మొహం నేనూ సూత్తన్నానుగా. గాలి గదిలో పరీక్ష సేద్దాం. గంట మోగకుండా ఏది నమలగలిగితే దానికి నా అడ్డు లేదు,” అన్నారు.

గాలి గదంటే చిన్న అర. పొడి లేస్తే గంట మోగుతుంది. చంద్రకాంతమ్మగారు అందులో కూర్చుని వేయించిన సెనగలు నమిలారు. గంట మోగింది. ఎండు కొబ్బరికీ మోగింది. అప్పడం విరవగానే గంట ఆగకుండా మోగింది. ఎండబెట్టిన మామిడి తాండ్రకి మోగలేదు గానీ, అది దవడకి పని చెప్పేంత గట్టిది కాదు.

“గట్టిగా ఉండాలి, పొడి రాలకూడదు, తియ్యగా ఉంటే మరీ మంచిది. అలాంటిదేముందండి లోకంలో!” అని అప్పడం తుంపులు ఏరుకుంటూ విసుక్కున్నారావిడ.

ఉదయిని గుమ్మంలోంచి, “తడిగా ఉంటే పొడి రాలదు కదండీ,” అంది. వెంటనే మళ్ళీ, “విత్తనాల చలిగదిలో చెరకు ముచ్చెలున్నాయి, నాటే ముక్కలు. ఊరు కట్టినప్పుడు తెచ్చారట. పంచదార ఇక్కడ యంత్రాల్లోనే తయారవుతోందని ఎవరూ నాటలేదు,” అంది.

చంద్రకాంతమ్మగారూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇద్దరి నోళ్ళూ ఊరాయి.

పదకొండో పగలు

సగం ముచ్చెలు కుళ్ళిపోయాయి. మిగతావాటికి మొలకొచ్చింది. సభవాళ్ళు చెరకు చేతికొచ్చేదాకా నా గది జోలికి రామన్నారు.

ఉదయిని బడి విడిచిన వెంటనే తోటకి పోతోంది. అక్కడికి తండ్రి కూడా వస్తున్నారు. చెరకుకి గాలి ఎంత కావాలో చూడ్డానికట. చంద్రకాంతమ్మగారు కూడా వస్తున్నారు. నీళ్ళు ఎన్ని పెట్టాలో చెప్పడానికట. ఇద్దరూ ఆ ఆకుల మధ్య నిలబడి ఒకటే వాదించుకుంటారు.

“అన్ని నీళ్ళెడితే సప్పగా అయిపోద్దండి.”

“మీరు గాలి సూసుకోండి మేస్త్రీగారూ. మొక్క సంగతి నాకొదిలెయ్యండి.”

“నాన్న రోజూ గడ్డం గీసుకుంటున్నాడు,” అని ఉదయిని నా చెవిలో చెప్పింది. ఆయన తొడుగు కూడా ఈమధ్య ఒక్కపూటైనా మరవడం లేదు.

పద్దెనిమిదో పగలు

చెరకు కొట్టాం. ఇక్కడ దాన్ని కిందికి లాగేది తక్కువ కదా, తోట కప్పు తాకి అక్కణ్ణుంచి పక్కకి వంగింది. ఒక్కో గడ మోయడానికి నలుగురు కావాలి. బరువుండి కాదు, మలుపుల్లో తిప్పలేక!

గాలి గది అద్దం బయట ఊరంతా చేరింది. తీరా చూస్తే చెరకు ఎలా తినాలో ఇక్కడ పుట్టినవాళ్ళెవరికీ తెలియదు. గవర్రాజు దాన్ని నాకి చూసి “ఏమీ లేదండి” అన్నాడు.

నేనే లోపలికి వెళ్ళాను. డాక్టర్నన్న మాట మరిచిపోయి కణుపు పక్కన కొరికి, పైతోలు పట్టి లాగాను. చర్రుమని చీలింది. రసం గెడ్డం మీదుగా కారింది. రెండో కొరుకులో నా పన్ను మీది పాత క్యాపు ఊడి చేతిలో పడింది. బయట జనం ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నమిలాను. పిప్పి తీసి గిన్నెలో వేశాను.

గంట మోగలేదు.

విస్సన్నగారు మీటరు మీద వేలితో కొట్టి చూశారు. గంట పనిచేస్తోందా లేదా అని కాస్త సుద్దపొడి ఊదారు. టక్కున మోగింది. పొడి పోయేదాకా ఆగి, తనే లోపలికొచ్చి ఒక ముక్క అందుకున్నారు. ఇప్పుడాయన కింది పళ్ళు వరుసకొచ్చాయి. కొరికారు. కళ్ళు మూసుకున్నారు. మీటరు వైపు చూడ్డమే మరిచిపోయారు.

“ఏమండీ మేస్త్రీగారూ, సప్పగా ఉందా?” అని అడిగారు చంద్రకాంతమ్మగారు.

“ఇంకో ముక్క ఇవ్వండి, సెప్తాను.”

అనుమతి వచ్చేసింది. నా షరతు ఒక్కటే. నమిలాక ప్రతివాళ్ళూ నోరు పుక్కిలించి పళ్ళు తోముకోవాలి. తీపి పళ్ళని వదిలిపెట్టదు.

ఉదయిని ఒక్కతే ముఖం ముడుచుకుంది. క్లిప్పులున్న పళ్ళతో గడ కొరికితే క్లిప్పులు ఊడిపోతాయి. “నాటింది నేను, పెంచింది నేను. నేనే కొరక్కూడదా?” అంది. తోలు తీసి, చిన్న చిన్న ముక్కలు కోసి, దవడ పళ్ళతో మెల్లగా నమలమన్నాను. మొదటి ముక్కకే ముఖం విచ్చుకుంది. బుగ్గలో దాచుకుని, “ఇన్నాళ్ళూ దీన్ని చలిగదిలో పెట్టారా!” అంది.

ఇరవై మూడో పగలు

కొత్త ఎక్స్-రేలు తీశాను. పాతవాటి పక్కన పెట్టి చూశాను. గవర్రాజు ఎముకలో మంచు విడుతోంది. ఉదయిని కోరపన్ను చుట్టూ సన్నటి తెల్లటి గీత కట్టింది. గుంజ చుట్టూ మట్టి బిగుస్తోందన్నమాట. పెద్దవాళ్ళలో మార్పు నిదానమే. అయినా విస్సన్నగారి చిగుళ్ళ వాపు పోయింది, తొడుగు కొన్ని గంటలు తీసినా మళ్ళీ హాయిగా ఎక్కుతోంది.

భోజనాలయ్యాక వంటశాలలో ఇప్పుడో కొత్త చప్పుడు. ఊరు ఊరంతా నములుతున్న చప్పుడు. మొదట్లో పిల్లలు దవడలు నొప్పి అని ఏడ్చారు. ఇప్పుడు ముక్క తక్కువైతే ఏడుస్తున్నారు.

ఇరవై అయిదో పగలు

పోయిన పగలు పొద్దు పొడిచినప్పుడు ఉదయిని క్లిప్పులు తీశాను. ఈసారి ఎవరికీ కబురు పంపలేదు. రాత్రిపూట రిటైనర్ మాత్రం పెట్టుకోమన్నాను. ఆ పగలంతా గడిచింది. చీకటీ గడిచింది. ఇవాళ మళ్ళీ వెలుగొచ్చింది. కొలిచాను. మళ్ళీ కొలిచాను. కోరపన్ను ఉన్నచోటే ఉంది. రిటైనర్ తాళంలో చెవిలా టక్కున కూర్చుంది.

“నిలిచిందమ్మా,” అన్నాను.

ఉదయిని బెల్టు విప్పుకుంది. కుర్చీ దిగి తిన్నగా తోటకి గెంతింది. గుమ్మంలో కాచుకున్న విస్సన్నగారూ ఊళ్ళోవాళ్ళూ నేనూ వెనకాలే పోయాం. నిలువెత్తు గడ ఒకటి విరిచి, ముందు పళ్ళతో కొరికి తోలు లాగింది. ఆ చప్పుడు ఆ చివరిదాకా వినబడింది. నోటినిండా పిప్పితో తండ్రి వైపు తిరిగి నవ్వింది. అందంగా కాదు, రసం కారుతూ, పళ్ళన్నీ కనబడుతూ, ఇక ఆపుకోలేనట్టు. విస్సన్నగారు ఈసారి ఫ్యాన్ల వైపు చూడలేదు. కూతుర్నే చూశారు.

చూసి, అదే ఊపులో చంద్రకాంతమ్మగారి వైపు తిరిగారు. “అందరి ముందూ అడిగేత్తన్నానండి. మనిద్దరం ఒకింట్లో ఉంటే ఎలా ఉంటాది?”

ఆవిడ చెరకు ముక్క నమలడం ఆపలేదు. తీరిగ్గా నమిలి, పిప్పి తీసి గిన్నెలో వేసి, “గురకుంటాదండి, ముందే సెప్తన్నాను,” అన్నారు.

తోట మొత్తం నవ్వింది. ఆ గోలలో గవర్రాజు “అమ్మో!” అని అరిచాడు. వాడి చెరకు ముక్కలో పాలపన్ను ఒకటి గుచ్చుకుని ఉంది. నోట్లో కాస్త రక్తం, ముఖమంతా సంబరం. కింద కొత్త పన్ను మొన అప్పుడే కనిపిస్తోంది. దానికి కావలసినంత చోటుంది.

“మా కాలంలో ఊడిన పన్ను పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి ఇసిరేవోళ్ళం,” అన్నారు చంద్రకాంతమ్మగారు. “ఇక్కడ పేడెక్కడిది, కప్పు మీదకి దారెక్కడిది!”

ఉదయిని తోట మట్టి తడిపి చిన్న ఉండ చేసింది. పన్ను అందులో పెట్టింది. గవర్రాజు ఉండ పుచ్చుకుని, పైన మెరుస్తున్న గాజు కప్పు వైపు చూశాడు. తర్వాత భయంభయంగా విస్సన్నగారి వైపు చూశాడు. విసిరితే మట్టి రాలుతుంది. జల్లెడ అక్కడే ఉంది.

విస్సన్నగారు కాసేపు గెడ్డం రుద్దుకున్నారు. “ఇసురు, తాతా,” అన్నారు. “జల్లెడ నేను కడుక్కుంటాను.”

వాడు విసిరాడు. భూమ్మీదైతే ఎప్పుడో పడిపోయేది. ఇక్కడ అది మెల్లగా, తీరుబడిగా, చెరకాకులు దాటి, దీపాలు దాటి, పైకి పైకి పోతూనే ఉంది. చిన్నా పెద్దా అందరూ తలలెత్తి, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

నేను పైకి చూడలేదు. నా చుట్టూ తెరుచుకున్న ఆ నోళ్ళనే చూస్తూ నిలబడిపోయాను.